ఫిట్స్ మందులు, పక్క మందులు: రక్తంలో లెవెల్ ఎప్పుడు, ఎలా చూపించుకోవాలి

ఫిట్స్ మందు వాడేవాళ్ళ ఇళ్ళల్లో తిరిగి తిరిగి వచ్చే ప్రశ్నలు రెండు. "జ్వరానికి వేరే మాత్ర రాశారు, ఫిట్స్ మందుతో కలిపి వేసుకోవచ్చా?" "లెవెల్ టెస్టులో 8 వచ్చింది, పక్కన తక్కువ అని రాసి ఉంది, డోసు పెంచాలా?" లెవెల్ అంటే రక్తంలో ఫిట్స్ మందు ఎంత ఉందో చెప్పే అంకె. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు దొరకాలంటే మూడు సంగతులు కాగితం మీద ఉండాలి. ఏ మందు ఏ తేదీన మొదలైంది, ఏ తేదీన ఆగింది, రక్తం ఇచ్చేటప్పటికి చివరి మాత్ర వేసుకుని ఎన్ని గంటలైంది. ఇవి తెలియకుండా రిపోర్టులో అంకె చూసి డోసు మార్చడం దగ్గరే చాలామందికి దెబ్బ తగులుతుంది.

ముందే ఒక మాట. ఇక్కడ రాసినదంతా మీరు డాక్టరు దగ్గరికి సరైన వివరాలతో వెళ్ళడానికి. ఫిట్స్ మందు మీ అంతట మీరు ఆపకండి, పెంచకండి. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా ఒకదాని వెంట ఒకటి రావచ్చు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఇంట్లో ఆ మనిషి వాడే ప్రతి మందూ: స్ట్రిప్పులు, సిరప్ సీసాలు, ఆయుర్వేదం పొడులు, విటమిన్ మాత్రలు కూడా
- ఒక నోటుపుస్తకం, లేదా ఫోనులో ఒక నోటు
- గత ఆరు నెలల్లో చేయించిన కిడ్నీ, లివర్, అల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రోటీన్) రిపోర్టులు
- ఫిట్స్ వచ్చిన తేదీలు, టైములు
- ఇంతకు ముందు లెవెల్ చూపించి ఉంటే ఆ రిపోర్టు

1. స్ట్రిప్పు తిప్పి అసలు పేరు రాసుకోండి

స్ట్రిప్పు మీద పెద్ద అక్షరాలతో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండేదే మందు. ఎప్టోయిన్, డైలాంటిన్ రెండూ ఫెనిటోయినే. టెగ్రిటాల్, మజెటాల్ రెండూ కార్బమజెపీనే. వాల్పారిన్, ఎన్‌కోరేట్ అంటే వాల్ప్రోయేట్. గార్డినాల్ అంటే ఫెనోబార్బిటోన్. లెవిపిల్ అంటే లెవెటిరాసిటామ్.

ఊళ్ళో డాక్టరు ఒక పేరుతో, పట్నంలో స్పెషలిస్టు ఇంకో పేరుతో రాస్తే, రెండూ వేరే మందులనుకుని రెండూ మింగేవాళ్ళు ఉంటారు. అసలు పేర్లు పక్కపక్కన రాస్తే ఇది రెండు నిమిషాల్లో బయటపడుతుంది.

పేరు పక్కన మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు, ఏ టైముకు అన్నది రాయండి. పేరు చివర సీఆర్, ఎస్ఆర్, ఎక్స్ఆర్ లాంటి అక్షరాలు ఉంటే అవీ రాయండి. అవి మందును నెమ్మదిగా వదిలే మాత్రలు, నూరి వేయకూడదు. ఫెనిటోయిన్ సిరప్ అయితే ప్రతిసారీ సీసా బాగా కుదపాలి. మందు అడుగున పేరుకుంటుంది కాబట్టి కుదపకపోతే పై సగం వాడినన్నాళ్ళు ఫిట్స్ వస్తాయి, కింది సగానికి వచ్చేసరికి తూలు మొదలవుతుంది.

2. మీ ఫిట్స్ మందు ఏ జట్టుదో గుర్తించండి

*తొందరపెట్టేవి:* ఫెనిటోయిన్, కార్బమజెపీన్, ఫెనోబార్బిటోన్, ప్రిమిడోన్. ఇవి లివర్‌ను ఉరికించి పక్క మందులను త్వరగా ఖర్చు చేయిస్తాయి. బీపీ మాత్ర, రక్తం పలచబరిచే మాత్ర, గర్భనిరోధక మాత్ర, నులిపురుగులకు వేసే అల్బెండజోల్, యాంటీబయాటిక్ డాక్సీసైక్లిన్ లాంటివి సరిపోకుండా పోతాయి.

*నిదానింపజేసేది:* వాల్ప్రోయేట్. దీని పక్కన లామోట్రిజిన్ అనే ఇంకో ఫిట్స్ మందు లెవెల్ దాదాపు రెట్టింపు అవుతుంది, ఫెనోబార్బిటోన్ కూడా పెరుగుతుంది. వాల్ప్రోయేట్ వాడే పెద్దవాళ్ళకు లామోట్రిజిన్ మొదలుపెట్టే పద్ధతి మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు 25 మి.గ్రా. చీటీలో మొదటి రోజు నుంచే 50 రెండు పూటలా అని కనిపిస్తే వేసుకునే ముందు ఫోన్ చేసి అడగండి. వేగంగా పెంచితే ఒంటి మీద తీవ్రమైన దద్దుర్లు వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

*పెద్దగా ఎవరి జోలికీ పోనివి:* లెవెటిరాసిటామ్, గాబాపెంటిన్. వీటికి చూడవలసింది కిడ్నీ. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్త టెస్టు) పెరిగితే డోసు తగ్గించాలి.

ఆక్స్‌కార్బజెపీన్, టోపిరామేట్ మధ్యరకం. డోసు పెరిగేకొద్దీ మొదటి జట్టు పోకడ కనిపిస్తుంది.

3. కొత్త మందు చేతికి రాగానే ఈ పట్టీతో సరిచూసుకోండి

అన్ని జతలూ రాయడం కుదరదు. మన దగ్గర తరచుగా తగిలేవి ఇవి.

- ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ + కార్బమజెపీన్: రెండు మూడు రోజుల్లోనే తూలు, వాంతులు, ఒకటి రెండుగా కనిపించడం. కడుపులో పుండ్లకు ఇచ్చే హెచ్ పైలోరీ కిట్‌లో క్లారిత్రోమైసిన్ ఉంటుంది, కిట్ పేరు మాత్రమే చూస్తే తెలియదు. అజిత్రోమైసిన్‌తో ఈ ఇబ్బంది దాదాపు ఉండదు, కుదిరితే అది అడగండి.
- ఫ్లూకోనజోల్ + ఫెనిటోయిన్: ఫెనిటోయిన్ బాగా పెరుగుతుంది. ఫంగస్‌కు ఒక్కసారి వేసుకునే మాత్ర వేరు, వారాల తరబడి కోర్సు వేరు. కోర్సు అయితే లెవెల్ చూపించుకోవాలి.
- డిల్టియాజెం, వెరాపమిల్ + కార్బమజెపీన్: కార్బమజెపీన్ పెరుగుతుంది. గుండె డాక్టరుకు ఫిట్స్ మందు సంగతి చెప్పకపోతే ఇదే జరుగుతుంది.
- సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, ట్రమడాల్: వీటితో లెవెల్ మారినా మారకపోయినా ఫిట్స్ రావడం సులువవుతుంది. విరేచనాలకు షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల్లోనూ, నొప్పికి ఇచ్చే కాంబినేషన్లలోనూ ఇవి దాగి ఉంటాయి. నొప్పికి, జ్వరానికి పారాసిటమాల్ చాలామందికి సరిపోతుంది.
- మెరోపెనెం + వాల్ప్రోయేట్: ఆసుపత్రిలో చేరినప్పుడు సెలైన్‌లో ఎక్కించే యాంటీబయాటిక్ ఇది. 24 గంటల్లోనే వాల్ప్రోయేట్ లెవెల్ పడిపోతుంది. వాల్ప్రోయేట్ డోసు ఎంత పెంచినా లేవదు. ఇంజెక్షన్ ఆపాక కూడా తేరుకోవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. వేరే యాంటీబయాటిక్ ఎంచుకోవాలి, తప్పనిసరైతే అన్నాళ్ళూ ఇంకో ఫిట్స్ మందు తోడు ఉండాలి.
- గ్యాస్‌కు తాగే యాంటాసిడ్ + ఫెనిటోయిన్: రెండింటి మధ్య కనీసం రెండు గంటలు ఎడం పెట్టండి.
- ఫోలిక్ యాసిడ్ + ఫెనిటోయిన్: ఫెనిటోయిన్ తగ్గవచ్చు. గర్భం కోసం 5 మి.గ్రా. మొదలుపెట్టినప్పుడు మానేయకండి, లెవెల్ చూపించండి.
- శంఖపుష్పి సిరప్ + ఫెనిటోయిన్: జ్ఞాపకశక్తికని పిల్లలకు పట్టే ఈ సిరప్ ఫెనిటోయిన్‌ను తగ్గించగలదు. "ఆయుర్వేదం కదా, ఏం చేస్తుంది" అని డాక్టరుకు చెప్పకుండా వదిలేసేది ఎక్కువగా దీన్నే.
- కర్పూరం, నీలగిరి తైలం: కడుపులోకి పోతే పక్కన ఏ మందూ లేకపోయినా ఇవే ఫిట్స్ తెప్పిస్తాయి. జలుబుకు పిల్లల ఛాతీకి కర్పూరం నూనె దట్టంగా పట్టించే అలవాటు ఫిట్స్ ఉన్న ఇంట్లో మానేయాలి.

గర్భనిరోధక మాత్రలు విడిగా చెప్పాలి. తొందరపెట్టే జట్టు వాడేవాళ్ళకు మాలా-ఎన్ లాంటి మాత్రలు నమ్మకంగా పనిచేయవు. కాపర్-టీ, అంతర అనే గర్భనిరోధక ఇంజెక్షన్ మీద ఆ ప్రభావం ఉండదు. లామోట్రిజిన్ వాడేవాళ్ళకు కథ తిరగబడుతుంది: ఈస్ట్రోజన్ ఉన్న మాత్ర లామోట్రిజిన్‌ను సగం దాకా తగ్గించేస్తుంది. ఫిట్స్ తిరిగి వచ్చాక గానీ కారణం ఎవరికీ తట్టదు. గర్భంలోనూ లామోట్రిజిన్ ఇలాగే పడిపోతుంది, అందుకే నెల నెలా చూడటం మంచిది. వాల్ప్రోయేట్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. పిల్లల్ని కనే ఆలోచన ఉంటే గర్భం రాకముందే మందు మార్చడం గురించి డాక్టరుతో మాట్లాడాలి.

టీబీ మందులు: ఇక్కడ ఆగి చదవండి

టీబీ కోర్సులో రిఫాంపిసిన్ ఫిట్స్ మందులను తగ్గిస్తుంది. అదే కోర్సులోని ఐసోనియాజిడ్ ఫెనిటోయిన్‌నూ కార్బమజెపీన్‌నూ పెంచుతుంది. రెండూ కలిసి ఉన్నప్పుడు సాధారణంగా రిఫాంపిసిన్‌దే పైచేయి. అది పూర్తిగా పనిచేయడానికి సుమారు రెండు వారాలు పడుతుంది, ఆపాక దాని ప్రభావం పోవడానికీ అంతే. కోర్సు మొదలైన రెండు మూడు వారాలకు ఒక లెవెల్, ఆరు నెలల కోర్సు అయిపోయిన రెండు మూడు వారాలకు ఇంకో లెవెల్ చూపించాలి. చాలామంది రెండోది మర్చిపోతారు. కోర్సు నడుస్తుండగా ఫెనిటోయిన్ డోసు పెంచి ఉంటారు. టీబీ మందు ఆగగానే ఆ పెంచిన డోసు ఎక్కువైపోయి మనిషి తూలడం మొదలుపెడతాడు. "టీబీ తగ్గింది కానీ నీరసం పట్టుకుంది" అని ఇంట్లో అనుకుంటారు.

ఇంట్లో ఇంకొకరికి టీబీ ఉందని ముందుజాగ్రత్తగా ఆరు నెలలు ఐసోనియాజిడ్ ఒక్కటే ఇస్తే రిఫాంపిసిన్ అడ్డు ఉండదు. అప్పుడు ఫెనిటోయిన్, కార్బమజెపీన్ నేరుగా పెరుగుతాయి. మాత్రలు ఇచ్చే ఆరోగ్య కార్యకర్తకు ఫిట్స్ మందు పేరు తప్పక చెప్పండి.

4. లెవెల్ టెస్టు అవసరమా, కాదా?

అవసరమైనవి: కొత్త మందు పైన చెప్పినట్టు తగిలినప్పుడు, లేదా అది ఆగినప్పుడు, మందు వేసుకుంటున్నా ఫిట్స్ వచ్చినప్పుడు, తూలు, మగత, ముద్దమాట కనిపించినప్పుడు, గర్భం వచ్చినప్పుడు, కిడ్నీ, లివర్ జబ్బు ఉన్నప్పుడు, ఫెనిటోయిన్ బ్రాండు మారినప్పుడు, లేదా మాత్ర నుంచి సిరప్‌కు మారినప్పుడు.

ఇంకొకటి, ఎవరూ అడగనిది: అంతా బాగున్నప్పుడు ఒకసారి. ఫిట్స్ లేవు, ఇబ్బంది లేదు అన్న రోజుల్లో వచ్చిన అంకె ఆ మనిషికి సొంత కొలత. రేపు తేడా వస్తే దేనితో పోల్చాలో తెలుస్తుంది.

అనవసరమైనది: ఏ కారణమూ లేకుండా మూడు నెలలకోసారి లెవెటిరాసిటామ్ లెవెల్. డబ్బు దండగ.

5. ఏ రోజు ఇవ్వాలో లెక్క వేసుకోండి

డోసు మార్చిన మర్నాడు ఇచ్చిన రక్తంలో పాత డోసూ కొత్త డోసూ కలగలిసి ఉంటాయి. కుదురుకోవడానికి పట్టే సమయం:

- లెవెటిరాసిటామ్: 2 రోజులు
- వాల్ప్రోయేట్: 3–5 రోజులు
- లామోట్రిజిన్: వారం, వాల్ప్రోయేట్‌తో కలిసి ఉంటే రెండు వారాలు
- ఫెనిటోయిన్: కనీసం రెండు వారాలు
- ఫెనోబార్బిటోన్: 3–4 వారాలు
- కార్బమజెపీన్ కొత్తగా మొదలుపెడితే: 4–5 వారాలు. ఇది తన్ను తానే త్వరగా ఖర్చు చేసుకోవడం నేర్చుకుంటుంది, అందుకే రెండో వారంలో బాగున్న అంకె ఆరో వారానికి తగ్గుతుంది.

మినహాయింపు ఒకటే. మందు ఎక్కువైందన్న అనుమానం ఉంటే ఏ లెక్కా వేయకుండా వెంటనే రక్తం ఇవ్వాలి.

6. ల్యాబుకు వెళ్ళే ఉదయం

ఉదయం 8, రాత్రి 8కి మాత్ర వేసుకునే మనిషి అనుకుందాం. రాత్రి 8కి మాత్ర వేసుకున్నారు, టైము రాసుకున్నారు. ఉదయం మాత్రను స్ట్రిప్పుతో సహా జేబులో పెట్టుకుని 7:30కి ల్యాబులో ఉండాలి. రక్తం ఇవ్వగానే అక్కడే మంచినీళ్ళతో మాత్ర వేసుకోవాలి. ఇలా తీసేది రోజులో అతి తక్కువ లెవెల్, డాక్టర్లు పోల్చేది దీన్నే.

దీనికి పరగడుపు అక్కర్లేదు. "టెస్టు ఉంది కదా" అని ఏమీ తినకుండా, మాత్ర కూడా వేసుకోకుండా మధ్యాహ్నం దాకా క్యూలో నిలబడితే రెండు నష్టాలు: లెవెల్ తప్పుగా తగ్గి వస్తుంది, క్యూలోనే ఫిట్స్ రావచ్చు. షుగరు టెస్టు కూడా కలిసి ఉంటే ముందు వరసలో తీయమని అడగండి.

రక్తం తీసే అబ్బాయికి మామూలు ఎర్ర మూత ట్యూబు వాడమని చెప్పండి. లోపల జిగురు లాంటి జెల్ ఉండే ట్యూబులో ఎక్కువసేపు ఉంచితే ఫెనిటోయిన్ లాంటి మందులను ఆ జెల్ కొంత పీల్చుకుని లెవెల్ తక్కువగా చూపించవచ్చు. మీ ఊరి ల్యాబు శాంపిల్‌ను హైదరాబాదుకో విజయవాడకో పంపినా ఫరవాలేదు, సీరం వేరుచేసి పంపితే చాలు.

ఫారం మీద ఇవి రాయించండి: మందు పేరు, రోజు మొత్తం డోసు, చివరి మాత్ర టైము, రక్తం తీసిన టైము, చివరిసారి డోసు మార్చిన తేదీ, పక్క మందులు. ఫెనిటోయిన్ అయితే అల్బుమిన్ కూడా అదే రక్తంలో చూడమనండి.

7. రిపోర్టు చదవడం

మామూలుగా ఇచ్చే హద్దులు, మిల్లీలీటరుకు మైక్రోగ్రాముల్లో:

- ఫెనిటోయిన్ 10–20
- కార్బమజెపీన్ 4–12
- వాల్ప్రోయేట్ 50–100
- ఫెనోబార్బిటోన్ 15–40
- లామోట్రిజిన్ సుమారు 3–15
- లెవెటిరాసిటామ్ 12–46

విదేశాల్లో కొన్ని ల్యాబులు మైక్రోమోల్స్‌లో ఇస్తాయి. అక్కడ ఫెనిటోయిన్ హద్దు 40–80, వాల్ప్రోయేట్ సుమారు 350–700. అక్కడి పిల్లల దగ్గరికి వెళ్ళిన అమ్మానాన్నలు ఫెనిటోయిన్‌కు 60 అన్న అంకె చూసి హడలిపోనక్కర్లేదు, అది మన లెక్కలో 15.

ఈ హద్దులు గీత గీసినట్టు ఉండవు. ఫెనిటోయిన్ 8తో ఏళ్ళ తరబడి ఫిట్స్ లేనివాళ్ళు ఉన్నారు, వాళ్ళకు 8 చాలు. ఎర్ర అక్షరాల కోసం డోసు పెంచకూడదు.

*అల్బుమిన్ తగ్గితే ఫెనిటోయిన్ లెక్క మారుతుంది.* ఫెనిటోయిన్‌లో ఎక్కువ భాగం అల్బుమిన్‌ను పట్టుకుని తిరుగుతుంది, పనిచేసేది విడిగా ఉన్న కొంచెమే. అల్బుమిన్‌ను 0.2తో గుణించి 0.1 కలపండి. వచ్చినదానితో రిపోర్టు అంకెను భాగించండి. రిపోర్టులో 8, అల్బుమిన్ 2 అనుకోండి: 0.2 × 2 + 0.1 = 0.5. 8ని 0.5తో భాగిస్తే 16. తక్కువనిపించినది నిజానికి సరిపోయినంత ఉంది. దీన్ని చూసి డోసు పెంచితే మనిషి పడకేస్తాడు. కిడ్నీలు పాడైనవాళ్ళకూ, వాల్ప్రోయేట్ కలిపి వాడేవాళ్ళకూ ఈ లెక్క సరిగ్గా రాదు. వాళ్ళకు ఫ్రీ ఫెనిటోయిన్ అనే టెస్టు అడగాలి, దాని హద్దు 1–2.

8. ఫెనిటోయిన్ డోసు పెంచారా? ఎంత పెంచారో చూడండి

మిగతా మందులు చాలావరకు డోసు ఎంత పెంచితే అంత పెరుగుతాయి. ఫెనిటోయిన్ అలా కాదు. లివర్ ఒక హద్దు దాకా ఖర్చు చేస్తుంది, ఆ హద్దు దగ్గరికి వచ్చాక కొంచెం పెంచినా లెవెల్ ఎగిసిపోతుంది. 300 మి.గ్రా.తో 12 ఉన్న మనిషికి 400 చేస్తే 16తో ఆగకుండా 30 దాటవచ్చు, అదీ రెండు మూడు వారాలు నెమ్మదిగా ఎక్కుతూ. అందుకే లెవెల్ 12 దాటాక ఒకసారికి 25–30 మి.గ్రా. మించి పెంచరు. చీటీలో ఒక్కసారే 100 పెరిగి కనిపిస్తే "పాత లెవెల్ ఎంతో చూశారా డాక్టరు గారూ" అని అడగడంలో తప్పేమీ లేదు.

9. ఇంట్లో సరిచూసుకునే పద్ధతి

కొత్త మందు మొదలైన దగ్గర నుంచి మూడు వారాలు, రోజూ ఒకే టైముకు:

- గచ్చు మీద టైల్స్ గీత వెంట మడమకు బొటనవేలు ఆనిస్తూ పది అడుగులు వేయించండి. నిన్న వేయగలిగి ఈరోజు పక్కకు పడిపోతుంటే రాసుకోండి.
- మీ వేలు ఎదురుగా పట్టుకుని నెమ్మదిగా పక్కకు జరపండి. కళ్ళు చివరికి చేరాక టకటకా కొట్టుకుంటున్నాయా చూడండి. ఫెనిటోయిన్‌లో ఇదొక్కటే కనిపిస్తే కంగారు లేదు. దీనితోపాటు నడక తూలితే లెవెల్ చూపించండి.
- ఒకే వాక్యం రోజూ చెప్పించండి. మాట ముద్దవుతుంటే చెవికే తెలుస్తుంది.

కార్బమజెపీన్, ఆక్స్‌కార్బజెపీన్ వాడేవాళ్ళలో తలనొప్పి, మగత, గందరగోళం కనిపించి లెవెల్ మాత్రం బాగుంటే సోడియం చూపించండి. ముఖ్యంగా బీపీకి నీటిమాత్ర వాడే పెద్దవాళ్ళలో.

10. పక్క మందు ఆపిన రోజును కూడా రాయండి

యాంటీబయాటిక్ ఐదు రోజుల కోర్సు అయిపోయింది, టీబీ మందు ఆగింది, గర్భనిరోధక మాత్ర మానేశారు, కాన్పు అయింది: ప్రతి ఒక్కదాని తేదీ రాసి, ముందు మార్చిన ఫిట్స్ డోసు వెనక్కి తేవాలా అని అడగండి. కాన్పు తర్వాత లామోట్రిజిన్ రెండు మూడు వారాల్లోనే పైకి లేస్తుంది. గర్భంలో పెంచిన డోసు అలాగే ఉంచితే బాలింత తల తిరిగి బిడ్డతో సహా పడిపోయే ప్రమాదం ఉంది. డోసు తగ్గించే ప్లాను కాన్పుకు ముందే కాగితం మీద రాయించుకోండి.

వెంటనే ఆసుపత్రికి

ఫిట్ 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండా రెండోది వచ్చినా 108కి ఫోన్ చేయండి. ఒంటి మీద దద్దుర్లతో పాటు జ్వరం, నోట్లో కళ్ళలో పుండ్లు వస్తే తర్వాతి మాత్ర వేసే ముందే వెళ్ళండి. వాల్ప్రోయేట్ వాడే మనిషి ఆగని వాంతులతో మత్తులోకి జారితే అమోనియా, లివర్ టెస్టులు చూడమని అడగండి. చేర్చుకునేటప్పుడు మందుల సంచి మొత్తం నర్సు చేతికివ్వండి. వాల్ప్రోయేట్ వాడుతున్నట్టయితే కేస్‌షీట్ మీద "వాల్ప్రోయేట్ వాడుతున్నారు, మెరోపెనెం వద్దు" అని పెద్ద అక్షరాలతో రాయించండి.